డిలీట్ చేసిన రేటు నా ఫైల్లో ఉంది

వాట్సాప్, టెలిగ్రామ్, ఆఫీసు స్లాక్, పాతకాలపు జాబర్ అకౌంటు, రెండు మూడు ఐఆర్‌సీ ఛానళ్లు. ఇవన్నీ నాకు ఒకే టెర్మినల్ విండోలోకి వస్తాయి. బొమ్మల్లేవు, రంగుల బుడగల్లేవు, మౌసుతో పనే లేదు. నల్ల తెర మీద టైము, పేరు, మాట, అంతే. సంగతి తెలిసిన కంప్యూటర్ మిత్రులు "అన్నీ ఒకచోటే చూసుకోవచ్చు, ఎంత సుఖం" అంటారు. మా చిన్నాయన మాత్రం నా వెనక నిలబడి కాసేపు చూసి, "ఏందమ్మే ఇది, కళ్లు పోవా?" అన్నాడు.

సుఖం సంగతిలో నా ఓటు చిన్నాయనకే. సుఖమే కావాలంటే ఫోన్లో నాలుగు యాప్‌లు పెట్టుకుని బొటనవేలితో తోసుకుంటూ పోవడాన్ని మించింది లేదు. ఈ టెర్మినల్ పద్ధతిలో ఒక్కో నెట్‌వర్కును కలపడానికి తగిలించుకునే ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాము ఏదో ఒకటి ఎప్పుడూ అలిగి కూర్చునే ఉంటుంది. వాట్సాప్ వాళ్లు అవతల ఏదో మార్చగానే ఇక్కడ కనెక్షన్ తెగుతుంది. మళ్లీ కొత్త వెర్షన్ దించుకుని కంపైల్ చేసుకోవాలి, అంటే దాని కోడ్‌ను మన మిషన్ మీద నడిచే ప్రోగ్రాముగా మార్చుకోవాలి. "అన్నీ ఒకచోట" అనే మాట విని దీంట్లోకి దిగినవాళ్లు నెల తిరక్కుండా మానేయడం చూశాను, వాళ్లది తప్పని అనను.

నేను మానకపోవడానికి కారణం వేరే. నాతో ఎవరన్నా అన్న మాట, నేను వాళ్లతో అన్న మాట నా డిస్కు మీద మామూలు టెక్స్ట్ ఫైలుగా పడి ఉండాలి. నెట్‌వర్కు మూతబడినా ఉండాలి, అన్నవాళ్లు మనసు మార్చుకున్నా ఉండాలి. ఈ ఒక్క లాభం లేకపోతే ఇంత తలనొప్పి ఎవరికీ సిఫారసు చెయ్యను.

ఇది ఎలా పనిచేస్తుందో చెప్పాలంటే ఐఆర్‌సీ నుంచి మొదలుపెట్టాలి. 1988లో ఫిన్లండ్‌లోని ఊలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికరినెన్ అనే ఆయన రాసిన చాటింగ్ పద్ధతి అది. ముప్పై ఏడేళ్లు దాటినా ప్రోగ్రామర్లు ఇంకా వాడుతూనే ఉన్నారు. దాన్ని తెర మీద చూపించే ఇర్సీ, వీచాట్ (WeeChat, చైనా యాప్ కాదు) లాంటి టెక్స్ట్ క్లయింట్లు ఉన్నాయి, రెండూ ఏళ్ల తరబడి అరిగి నునుపుదేలిన ప్రోగ్రాములు. నేను వాడే బిట్ల్‌బీ అనే ఇంకో ప్రోగ్రాము చేసిన చమత్కారం ఏమిటంటే, అది ఐఆర్‌సీ సర్వర్‌లాగా వేషం వేసుకుని మన మిషన్ మీదే నడుస్తుంది. ఇర్సీ దానికి కనెక్ట్ అయి ఏదో ఐఆర్‌సీ ఛానల్లో ఉన్నాననుకుంటుంది. లోపల బిట్ల్‌బీ ఒక పక్క జాబర్‌తోనూ, ఇంకో పక్క ప్లగిన్ల ద్వారా వాట్సాప్, టెలిగ్రామ్‌లతోనూ మాట్లాడుతూ ఉంటుంది. మన కాంటాక్టులందరూ ఛానల్లో సభ్యుల్లాగా కనిపిస్తారు. కంట్రోల్ ఛానల్లో రూట్ అనే ఒక 'మనిషి' ఉంటాడు. అకౌంటు చేర్చు, ఆన్ చెయ్యి, ఫలానా పేరు మార్చు అని అతనికే మెసేజి కొట్టాలి. వినయంగా జవాబిస్తాడు. మా ఇంట్లో చెప్పిన వెంటనే పని చేసేది అతనొక్కడే.

వాట్సాప్, టెలిగ్రామ్ ప్లగిన్లు నిజానికి లిబ్‌పర్పుల్ అనే లైబ్రరీ కోసం రాసినవి. పిడ్జిన్ అనే పాత చాట్ ప్రోగ్రాము గుండెకాయ అదే. బిట్ల్‌బీని లిబ్‌పర్పుల్‌తో కలిపి కంపైల్ చేస్తే అవన్నీ ఇందులోనూ నడుస్తాయి. ఇంత పితలాటకం వద్దనుకునేవాళ్లకు ఎన్‌చాట్ అని ఒకటుంది. టెర్మినల్లోనే టెలిగ్రామ్, వాట్సాప్ రెండూ చూపిస్తుంది, పెట్టుకోవడం తేలిక. నాకు ఇర్సీ అలవాటు కాబట్టి దీన్ని వదల్లేదు. ఇదంతా నెల్లూరు వేదాయపాళెంలో మా ఇంటి అటక కింద ఒక పాత ల్యాప్‌టాప్ మీద టీమక్స్‌లో (విండో మూసినా లోపలి పని ఆగకుండా చూసే ప్రోగ్రాము) నడుస్తూ ఉంటుంది. పగలు బెంగుళూరు కంపెనీ సర్వర్లు చూసుకునే ఉద్యోగం, సాయంత్రం విడవలూరు వైపున్న మా రొయ్యల గుంటల లెక్కలు. రెండు లోకాలూ ఆ ల్యాప్‌టాప్‌లో పక్కపక్కనే పడతాయి.

అసలు ఇన్ని నెట్‌వర్కులు విడివిడిగా ఎందుకున్నాయి? టెక్నాలజీ చేతకాక అని చాలామంది అనుకుంటారు. 1999 జులైలో మైక్రోసాఫ్ట్ తన ఎంఎస్ఎన్ మెసెంజర్ విడుదల చేసినప్పుడు, ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ వాళ్ల చాట్ ప్రోగ్రాము ఎయిమ్‌లో ఉన్నవాళ్లతో కూడా దాంట్లోంచే మాట్లాడగలిగేలా తయారు చేసింది. ఏఓఎల్ వెంటనే దారి మూసింది. మైక్రోసాఫ్ట్ ఇంకో దారి తెరిచింది, వీళ్లు అదీ మూశారు. కొన్ని నెలలు ఇదే తంతు, ఆఖరికి మైక్రోసాఫ్టే చేతులెత్తేసింది. మాట అటూ ఇటూ పోగలదని మొదటిరోజే రుజువైంది, పోనివ్వలేదు. సరిగ్గా అదే సంవత్సరం జనవరిలో జెరెమీ మిల్లర్ అనే అమెరికన్ జాబర్‌ను ప్రకటించాడు. ఈమెయిల్‌లాగా ఎవరి సర్వరు వాళ్లు పెట్టుకుని ఒకరితో ఒకరు మాట్లాడుకునే పద్ధతి అది, తర్వాత ఎక్స్ఎంపీపీ పేరుతో ప్రమాణమైంది. 2005లో వచ్చిన గూగుల్ టాక్ దాని మీదే నడిచింది, 2006 నుంచి బయటి సర్వర్లకు తలుపు కూడా తెరిచింది. ఫేస్‌బుక్ చాట్ 2010లో ఆ దారి ఇచ్చి, ఐదేళ్లు తిరిగేసరికి తీసేసింది. గూగుల్ 2013లో హ్యాంగౌట్స్ తెచ్చి బయటి సర్వర్లకు తలుపు మూసింది. వాట్సాప్ కూడా తొలినాళ్లలో ఈజాబర్డ్ అనే జాబర్ సర్వర్‌నే తనకు కావలసినట్టు మార్చుకుని మొదలైంది. దాని నుంచి పుట్టిన వాట్సాప్‌తో జాబర్‌లో ఉన్న నేను నేరుగా మాట్లాడలేను, మధ్యలో ప్లగిన్ కావాలి.

ఈలోపు ఎన్ని పోయాయో చూడండి. ఎంఎస్ఎన్ మెసెంజర్ 2013లో, ఎయిమ్ 2017 డిసెంబరులో, యాహూ మెసెంజర్ 2018 జులై 17న, ఐసీక్యూ 2024 జూన్ 26న మూతబడ్డాయి. నెల్లూరు నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి యాహూలో కూర్చున్నవాళ్లం మనలో ఎంతమందిమి? ఆ మాటలన్నీ ఏమయ్యాయి? మూసేటప్పుడు యాహూ పాత చాట్ దించుకోవడానికి ఆరు నెలలు గడువిచ్చింది. పాస్‌వర్డ్ మర్చిపోయి అప్పటికే పదేళ్లయినవాళ్లకు ఆ గడువు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

నా యాహూ మాటలు నా దగ్గర ఉన్నాయి. అప్పట్లో యాహూను పిడ్జిన్‌లోనూ, తర్వాత దాని టెక్స్ట్ తోబుట్టువు ఫించ్‌లోనూ వాడేదాన్ని. లాగింగ్, అంటే మాటల్ని ఫైల్లో రాసిపెట్టడం, టెక్స్ట్‌గా పెట్టుకుంటే ఒక్కో మనిషికి ఒక్కో ఫోల్డరు, ఒక్కో సంభాషణకు ఒక్కో ఫైలు పడుతుంది. అమెరికాలో ఉన్న మా అన్న, నేను గుంటల గురించి మాట్లాడుకున్నవి అందులో ఉన్నాయి. మన దేశంలో వనామీ రకం రొయ్య సాగుకు అనుమతి వచ్చింది 2009లో. టైగర్ రొయ్య వదిలి వనామీకి మారాలా వద్దా, మారితే అన్న పంపే డబ్బు అప్పు కిందా వాటా కిందా అని వారాల తరబడి కొట్టుకున్నాం. చాలా ఏళ్ల తర్వాత ఆస్తి పంపకాల మాట వచ్చినప్పుడు అన్న "నేను వాటా అనే చెప్పా" అన్నాడు. ఫైలు తెరిచి చూస్తే అన్న చెప్పిందే నిజం, నాకు గుర్తున్నది కాదు. నాకు నష్టమైనా సరే గొడవ ఒక సాయంత్రంలో తేలిపోయింది. యాహూ లేకపోయినా యాహూలో అన్న మాట చెల్లింది.

ఇక రేటు కథ. రొయ్యల వ్యాపారం తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. కౌంట్ అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య. 100 కౌంట్ అంటే చిన్నవి, 30 కౌంట్ అంటే పెద్దవి, కౌంట్ తగ్గేకొద్దీ రేటు పెరుగుతుంది. రోజూ సాయంత్రం ఏజెంట్లు వాట్సాప్ గ్రూపుల్లో కౌంట్ల వారీగా రేట్లు పెడతారు. రాత్రి రేటు కుదిరితే తెల్లారుజామున పట్టుబడి (గుంటలోంచి రొయ్యలు పట్టడం), లారీ, ఐసు. లారీ నిండాక రైతు చేతిలో ఏమీ ఉండదు. పట్టిన రొయ్యను మళ్లీ గుంటలో వదల్లేం కదా. 2025 ఆగస్టు చివర్లో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రేట్లు పూట పూటకూ మారాయి. ఆ రోజుల్లోనే ఒక ఏజెంటు రాత్రి మా చిన్నాయనకు 40 కౌంట్‌కు ఒక రేటు మెసేజి పెట్టి, లారీ కదిలాక తక్కువ కట్టాడు. చిన్నాయన ఫోన్ తీసి చూస్తే "ఈ మెసేజి డిలీట్ చేయబడింది" అని ఉంది. రేటు ఆ ఏజెంటు గ్రూపులో పెట్టాడు, గ్రూపులో నేనూ ఉన్నాను. ఇర్సీ ఫైలుకు చివర కొత్త వరస చేర్చడమే తెలుసు, వెనక్కి పోయి పాత వరస చెరపడం తెలియదు. రాత్రి 9 దాటాక పడిన ఆ రేటు అట్లాగే ఉంది.

దాంతో డబ్బంతా వచ్చేసిందని చెప్పను. ఏజెంటు ముందు నవ్వాడు, తర్వాత కంపెనీ వాళ్లు తగ్గించారన్నాడు, ఆఖరికి తేడాలో కొంత ఇచ్చాడు. కేసు దాకా పోయుంటే ఏమయ్యేదో కూడా ఆలోచించాను. ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. పైగా నాది ఎవరైనా నోట్‌ప్యాడ్‌లో తెరిచి దిద్దగలిగే టెక్స్ట్ ఫైలు. అవతలి లాయరు మొదట అడిగేది అదే. కాబట్టి ఇది కోర్టు కోసం దాచుకునే ఆయుధం కాదు. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు "నేనట్లా అనలేదే" అనే మాట అంత ధీమాగా రాకుండా ఆపుతుంది, మా వ్యాపారానికి అదే చాలా ఎక్కువ.

అయితే ఇక్కడే నన్ను గట్టిగా ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒకటుంది. ఏజెంటు చెరిపిన రేటు మిగిలినట్టే, మా పిన్ని కూతురు అర్ధరాత్రి కోపంలో రాసి రెండు నిమిషాల్లో చెరిపేసిన నాలుగు వాక్యాలు కూడా నా ఫైల్లో మిగిలాయి. ఆమె వెనక్కి తీసుకున్నానని అనుకుంటోంది. నేను చదవకపోయినా అవి ఉన్నాయి. 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' అని వాట్సాప్ ఇచ్చిన మాటను నా దగ్గర నేను చెల్లనివ్వడం లేదన్నమాట. ఇది న్యాయమేనా?

నోటి మాట ఎప్పుడూ వెనక్కి రాదు, విన్నవాడి చెవిలో ఉండిపోతుంది అని కొందరు సమర్థిస్తారు. ఆ వాదన నాకు చాలదు. విన్నవాడు మర్చిపోతాడు, నా డిస్కు మర్చిపోదు. అందుకని నేను ఒక గీత గీసుకున్నాను. డబ్బు, సరుకు, పని ఉన్న గ్రూపులకు మాత్రమే లాగింగ్ ఆన్. చుట్టాలకు, స్నేహితులకు ఆఫ్. ఇర్సీలో దేనికి కావాలంటే దానికి విడిగా ఆపుకోవచ్చు. చుట్టాలతో డబ్బు వ్యవహారం ఉంటే? మా ఇళ్లలో ఎక్కువ వ్యవహారాలు చుట్టాలతోనే కదా. వాళ్లకు ముందే చెప్తాను, "లెక్కల మాటలు నా దగ్గర రాసి ఉంటాయి" అని. మా అన్న దానికి "మంచిదే, పోయినసారి నన్ను గెలిపించింది" అన్నాడు. మా పెద్దత్త మాత్రం అప్పట్నుంచి నాతో డబ్బు సంగతి ఫోన్లోనే మాట్లాడుతుంది, ఒక్క అక్షరం టైప్ చెయ్యదు. ఆమె హక్కు ఆమెది.

తెలుగు సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం ఇంగ్లీషువాళ్ల కోసం రాసినట్టు ఉంటుంది. టెర్మినల్ అనేది గళ్ల నోటుబుక్కు లాంటిది, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. ఇంగ్లీషు అక్షరానికి ఒక గడి, చైనా అక్షరానికి రెండు. మరి 'స్త్రీ'కి ఎన్ని? చూడ్డానికి ఒక్కటే అక్షరం. కంప్యూటర్లో అన్ని లిపులకూ కోడ్‌లిచ్చే పట్టిక యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం కలిపి ఆరు కోడ్‌లు. గుణింతానికీ పొల్లుకూ గడి అక్కర్లేదనుకుని హల్లుకొకటి చొప్పున టెర్మినల్ మూడు గడులు కేటాయిస్తుంది. గీసేటప్పుడు ఒక్కదాంట్లోనో రెండిట్లోనో ఇమిడిపోతుంది, లేదా మూడింట్లోనూ విడివిడిగా ముక్కలై కనిపిస్తుంది. కర్సర్ ఒకచోట, అక్షరం ఇంకోచోట. దీంట్లో ఇంకో వింత ఉంది. యూనికోడ్ పట్టికలో దీర్ఘం, గుడి ఒక జాతి, కొమ్ములు వేరే జాతి. అందుకని పాత లెక్కల ప్రకారం 'గి'కి ఒక గడి చాలు, 'గు'కి రెండు కావాలి. 'గుంట' అని టైప్ చేసిన ప్రతిసారీ వరస కాస్త పక్కకు జరిగేది. రొయ్యల గ్రూపులో 'గుంట' రాని వాక్యం ఎక్కడుంటుంది? కన్సోల్ లాంటి కొన్ని టెర్మినళ్లు పర్వాలేదు, కొన్నింట్లో మాత్రం తెలుగు చదవడం కంటే ఊహించుకోవడమే తేలిక.

పొడవు ఇంకో పేచీ. ఐఆర్‌సీలో ఒక వరస 512 బైట్లు దాటకూడదని 1993లో రాసిన ఆర్ఎఫ్‌సీ 1459 అనే ప్రమాణ పత్రం నియమం. అప్పట్లో అక్షరానికి ఒక బైటు. యూనికోడ్‌ను బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ ఒక్కోదానికి మూడు బైట్లు కావాలి. 'స్త్రీ' ఒక్కటే 18 బైట్లు తింటుంది. పేరు, ఛానలు లాంటి సరంజామా పోను ఒక వరసలో 150 కోడ్‌లకు మించి పట్టవు. అంటే నాలుగు వాక్యాల మెసేజి ముక్కలై పోతుంది. అవతలివాళ్ల ఫోన్లో అవి వరసగా రెండు మూడు మెసేజీలుగా మోగుతాయి. "ఎందుకమ్మే టింగు టింగుమని కొడతావు, ఒకేసారి చెప్పలేవా" అని చిన్నాయన విసుక్కునేది అందుకే.

ఇంత వెక్కిరించాక టెర్మినల్ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు సంయుక్తాక్షరం, 'జ్ఞా' తరహాదే, ఐఫోన్‌లో మెసేజిగా వస్తే యాప్ కూలిపోయేది. ఆపిల్ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. అందమైన అక్షరాలు గీసే యంత్రాంగమే మన అక్షరానికి పడిపోయింది. నా లినక్స్ టెర్మినల్ దాన్ని వికారంగా గీసింది, అయినా నిలబడింది. వెతుకులాటలో తెలుగు లిపిదే పైచేయి. మా గ్రూపుల్లో సగంమంది తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. ఒకడి 'రొయ్య'లో రెండు వైలు, ఇంకొకడి దాంట్లో ఒకటి, మూడోవాడికి 'రేటు'లో ఏ అక్షరం పెట్టాలో ఏ రోజుకారోజు నిర్ణయం. ఫైళ్లలో మాట వెతికే గ్రెప్ కమాండు కొడితే సగమే దొరుకుతాయి. తెలుగు లిపిలో రాసినవాళ్ల మాట ఒక్క దెబ్బకు దొరుకుతుంది. తెర మీద చూడ్డానికి కష్టం, ఫైల్లో వెతకడానికి సులువు.

అసలు లోటు వేరే చోట ఉంది. మా రైతులు టైప్ చేసేది తక్కువ. నీళ్ల రంగు ఫోటో, చేతిలో పట్టుకున్న రొయ్య పేగు ఫోటో, గుంట నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్ల హోరులో అరుస్తూ పెట్టిన వాయిస్. ఇవన్నీ నా తెర మీద 'ఫైలు వచ్చింది' అనే ఒక్క వరస. తెల్లమచ్చల తెగులు అనుమానంతో ఒకాయన పంపిన ఫోటో, మా మేనత్త పంపే శుభోదయం గులాబీ నా దగ్గర ఒక్కలాగే కనిపిస్తాయి. గులాబీల వరకు ఇది వరమే, తెగులుకు కాదు. అందుకే గుంటల దగ్గరికి పోతే ఫోనే చూస్తాను. వాయిస్‌ను అక్షరాలుగా మార్చే ప్రోగ్రాములు పెట్టి చూశాను, "ఎట్టుండాయి పిల్లలు" అన్నదానికి అది రాసింది ఇక్కడ పెట్టలేను. కువైట్‌లో ఉన్న చిన్నాయన కొడుకు ఐఎంఓ తప్ప వాడడు, స్వదేశీ అభిమానంతో మా బావ అరట్టైకి మారాడు. ఆ రెండింటికీ నా విండోలో చోటు లేదు. ఒకే కిటికీ అంటూ మొదలుపెట్టి, ఫోన్లో ఇంకా రెండు యాప్‌లు ఉంచుకోవాల్సి వస్తోంది.

అవసరమైన చోట మాత్రం అక్షరం బలం తెలుస్తుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు విడవలూరు వైపు సిగ్నల్ ఒక గీత ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. వాట్సాప్‌లో చక్రం తిరుగుతూనే ఉంది. మోష్ అని ఎంఐటీలో తయారైన ప్రోగ్రాము ఒకటుంది, కనెక్షన్ తెగినా మళ్లీ అతుక్కుంటుంది. దాంతో ఫోన్‌లోంచి ఇంటి ల్యాప్‌టాప్‌లోకి వెళ్తే, గ్రూపులో ఎవరి గట్టు తెగింది, ఎవరికి డీజిల్ కావాలి అన్నవి వరస తర్వాత వరస వచ్చాయి. వీడియోలన్నీ ఇంటి దగ్గరే ఆగిపోయాయి.

ఇప్పుడు అసలు అభ్యంతరాలు. వాట్సాప్ తన నిబంధనల్లో అనధికార క్లయింట్లు వద్దంటుంది, దొరికితే నంబరు బ్యాన్ చెయ్యొచ్చు. కాబట్టి బ్యాంకుకూ ఆధార్‌కూ ఇచ్చిన నంబరుతో ఈ పని చెయ్యకండి. నాది వేరే నంబరు. రెండోది, 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్ మెసేజీలు రెండు చివర్లకే కనిపించేలా తాళం వేసి వెళ్తున్నాయి. నా చివర ఇప్పుడు అటక కింద ల్యాప్‌టాప్. అక్కడ తాళం తీసి మామూలు అక్షరాలుగా రాసిపెడుతున్నాను. డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసుకోకపోతే నేను అవతలివాళ్లకు ద్రోహం చేసినట్టే. పాత ల్యాప్‌టాప్ అమ్మేటప్పుడు డిస్కు తీసి పెట్టుకోవాలి. ఇది సలహా కాదు, షరతు.

మూడోది సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ స్థాపకుడు మాక్సీ మార్లిన్‌స్పైక్ 2016లో చేసిన వాదన. అందరి సర్వర్లూ కలిసి నడిచే పద్ధతిలో ఏ చిన్న మార్పు తేవాలన్నా అందర్నీ ఒప్పించాలి, అందుకే ఈమెయిల్, జాబర్ ఎక్కడివి అక్కడే ఆగిపోయాయి, ఒకే చేతిలో ఉన్నవి ముందుకు పోయాయి అన్నాడు. ఇందులో నిజముంది. జాబర్ వాడేదాన్ని కాబట్టి నాకు బాగా తెలుసు.

కానీ మన దేశంలో ఉంటూ ఆ వాదనకు పూర్తిగా తలొగ్గలేను. 2016లోనే మొదలైన యూపీఐని చూడండి. మేత కొట్టు వాడి క్యూఆర్ ఒక కంపెనీది, నా ఫోన్లో యాప్ ఇంకో కంపెనీది, నా బ్యాంకు వేరు, అతని బ్యాంకు వేరు. డబ్బు పోతుంది. పోయేలా చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ ముందే కట్టింది, రిజర్వు బ్యాంకు వెనక నిలబడింది. డబ్బు కంటే సున్నితమైంది ఏముంది? అది పోగలిగిన దారిలో "రేపు పట్టుబడి" అనే మాట పోలేదా? ఐరోపాలో డిజిటల్ మార్కెట్ల చట్టం కింద వాట్సాప్ తన తలుపు ఇతర సర్వీసులకు తెరవాల్సి వచ్చింది, 2024 మార్చి నుంచి అక్కడ ఆ బాధ్యత అమల్లో ఉంది. ఇక్కడ యాభై కోట్లకు పైగా జనం వాడుతున్నా అలాంటి చట్టం లేదు. చట్టం వస్తే నాలాంటివాళ్లు దొంగదారి ప్లగిన్లు వాడే ఖర్మ ఉండదు.

మన దగ్గర జరుగుతున్నది ఇంకో దిక్కు. 2025 నవంబరు చివర్లో టెలికాం శాఖ మెసేజింగ్ యాప్‌లకు ఒక ఆదేశం ఇచ్చింది. ఏ నంబరుతో అకౌంటు తెరిచారో ఆ సిమ్ ఫోన్లో ఉంటేనే యాప్ నడవాలి, కంప్యూటర్‌లో తెరిచిన వెబ్ సెషన్‌ను ఆరు గంటలకు మించకుండా లాగౌట్ చేసి మళ్లీ క్యూఆర్ చూపించమనాలి అని. విదేశాల్లో కూర్చుని మన నంబర్లతో మోసాలు చేసేవాళ్లను ఆపడానికి అన్నారు. మోసపోయినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు, కోపం నాకూ ఉంది. కానీ ట్రంకు రోడ్డు మీద జిరాక్స్ షాపుల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా వాట్సాప్ వెబ్ తెరిచే ఉంటుంది, ఊళ్లోవాళ్ల పీడీఎఫ్‌లన్నీ అక్కడికే వస్తాయి. మోసగాడు ఆరు గంటలకోసారి ఫోన్ చూపిస్తాడు, అది అతని ఉద్యోగం. షాపువాడికి, అటక కింద ల్యాప్‌టాప్‌కు అది ఎట్లా కుదురుతుంది?

చిన్నాయనకు టెర్మినల్ నేర్పే ఉద్దేశం నాకు లేదు. వాట్సాప్‌లోనే 'ఎక్స్‌పోర్ట్ చాట్' ఉంది, ఫోటోలు లేకుండా అయితే చివరి 40,000 మెసేజీల దాకా టెక్స్ట్ ఫైలుగా ఇస్తుంది. పట్టుబడికి ముందు రాత్రి అది నొక్కి నాకు మెయిల్ చెయ్యమన్నాను, చేస్తూ వచ్చాడు. మొన్న రేట్ల గ్రూపులో అది పనిచెయ్యలేదు. చూస్తే అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ ఆన్ చేసి ఉంది. 2025 ఏప్రిల్‌లో వాట్సాప్ తెచ్చిన సెట్టింగు అది, ఆన్‌లో ఉంటే ఎవరూ చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసుకోలేరు. గ్రూపు అడ్మిన్ ఆ ఏజెంటే. ఎందుకు పెట్టావని చిన్నాయన గ్రూపులోనే అడిగాడు. "మెంబర్ల ప్రైవసీ కోసం అన్నా" అని జవాబు వచ్చింది. అప్పట్నుంచి చిన్నాయన లారీకి ఐసు ఎక్కించేముందే ఆ ఏజెంటు మనిషి చేత రేటు కాగితం మీద రాయించుకుని, కింద సంతకం పెట్టించుకుంటున్నాడు.